కేరాఫ్ బాలానగర్



ముప్ఫై నాలుగేళ్ళు నేను ఉత్తరాలు సార్టింగ్ చేసి ఇల్లు గడుపుకున్నాను. హైదరాబాదు ఆర్.ఎం.ఎస్., అంటే రైల్వే మెయిల్ సర్వీసు, జెడ్ డివిజన్. అర్ధరాత్రి రైలు ఊగుతుంటే గోడ పొడుగునా ఉన్న గూళ్ళ ముందు నిలబడి, కవరు మీద ఊరి పేరు చూడటం, గూట్లోకి విసరడం. కాజీపేట వచ్చేలోపు కాజీపేట సంచి కట్టేయాలి. రిటైరయ్యాక ఇక ఉత్తరాలతో నాకు రుణం తీరిందనుకున్నాను.

మా మేనల్లుడు తీరనివ్వలేదు. వాడికి బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు ఉంది. నాలుగు లేత్‌లు, రెండు సీఎన్‌సీ మిషన్లు, పద్నాలుగు మంది మనుషులు. పెద్ద కంపెనీలకు షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజీలు చేసిచ్చే జాబ్ వర్కు. ఒకనాడు ఫోన్ చేసి, "మామయ్యా, ఎంక్వైరీలు రావడం మానేశాయి. పాతవాళ్ళు కూడా అడగడం లేదు. ఎవరైనా ఏమైనా చెప్పారంటావా?" అన్నాడు. వాడి గొంతులో దిష్టి తీయించాలా అన్నంత దిగులు.

వెళ్ళాను. బల్ల మీద విజిటింగ్ కార్డు చూశాను. కింద ఒక జీమెయిల్ ఐడీ. అందులో ఉన్న పేరు మా వాడిది కాదు. "ఎవరిదిరా ఇది?" అంటే, ఒకప్పుడు ఆఫీసు పని చూసిన అబ్బాయిదట. కంపెనీ పెట్టిన కొత్తలో కంప్యూటర్ తెలిసినవాడు వాడొక్కడే. కార్డు వేయించేటప్పుడు తన ఐడీయే ఇచ్చాడు. ఎనిమిది నెలల కిందట పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. కార్డులు మాత్రం కస్టమర్ల పర్సుల్లోనే ఉన్నాయి. కొటేషన్ అడిగిన ప్రతి మెయిలూ పుణె వెళ్ళి కూర్చుంటోంది. ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. కొత్త ఊరు, కొత్త కొలువు, పాత బాక్సు తెరిచి చూసే తీరిక ఎక్కడిది?

నాకు మాత్రం నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. తపాలా వాళ్ళకు ఇది మొదటి పాఠం. "స్టేషన్ మాస్టర్, కాజీపేట" అని రాసిన కవరు ఆ కుర్చీకి పోతుంది. నిన్నటి మాస్టరుగారు బదిలీ అయి బెల్లంపల్లి పోయినా ఉత్తరం ఆయన వెంట పరుగెత్తదు. అదే ఆయన పేరు రాసి, ఇంటి నంబరు వేస్తే అది ఆయన సొంత ఉత్తరం, ఆయన ఎక్కడుంటే అక్కడికి దారి మళ్ళించాలి. ఈ తేడా బిళ్ళ బంట్రోతుకు కూడా తెలుసు. లక్షల రూపాయల మిషన్లు కొన్న మా వాడికి తెలియలేదు. ఆ మాటే అన్నాను. "మెయిల్‌కి కూడా ఇవన్నీ ఉంటాయా మామయ్యా?" అన్నాడు. ఉంటాయని నాకూ అప్పటికి తెలియదు. ఆ తర్వాత ఆరు నెలలు నాకు అదే పని.

మొదట చేయాల్సింది సొంత డొమైన్ తీసుకోవడం. అంటే ఎట్ అనే గుర్తుకు కుడివైపు జీమెయిల్ డాట్ కామ్ బదులు మన కంపెనీ పేరు, డాట్ ఇన్ అనో డాట్ కామ్ అనో. ఆ ఎట్ గుర్తును మెయిల్లో పెట్టింది రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు, 1971లో. మనుషుల పేర్లలో ఎక్కడా రాని గుర్తు కావాలని వెతికి దాన్ని పట్టుకున్నాడు. మన పిన్‌కోడ్ మరుసటి ఏడాది, 1972 ఆగస్టు 15న వచ్చింది. కొత్తపల్లి అని రాస్తే ఏ కొత్తపల్లి అని తలబాదుకున్న మాకు దాని విలువ తెలుసు. ఎట్‌కు కుడివైపు ఉన్నది ఊరు లాంటిది. ప్రపంచంలో ఏ సర్వరయినా మెయిలు పంపేటప్పుడు చూసేది ఆ కుడివైపే. ఆ డొమైన్‌కు ఎంఎక్స్ అనే నమోదు ఒకటి ఉంటుంది. "ఈ ఊరికి వచ్చే ఉత్తరాలు ఫలానా సర్వరుకు అప్పజెప్పండి" అని చెప్పే నమోదు. 1986 నుంచీ ఉన్న ఏర్పాటు అది. పంపేవాడి పని అక్కడితో సరి.

ఎడమవైపు ఏముందో చూసుకోవాల్సింది పుచ్చుకునే సర్వరే. అది మన ఇంటి వ్యవహారం, బయటివాళ్ళకు సంబంధం లేదు. ఈ సంగతి అర్థమైన రోజున నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఎడమవైపు ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు. ఏ పేరు ఎవరి బాక్సులో పడాలో మన ఇంట్లో మనం చెప్పుకుంటే చాలు. దీన్నే అలియాస్ అంటారు.

అలియాస్ అన్న మాట మనం పేపర్లో దొంగతనాల వార్తల్లోనే ఎక్కువ చదువుతాం. అందుకే మా మేనల్లుడి భార్యకు ఆ మాట మొదట నచ్చలేదు, "మనకెందుకండీ మారుపేర్లు" అంది. నేను చెప్పాను: "అమ్మా, నీకు నేను పెదనాన్నను. నీ మొగుడికి మామయ్యను. నీ పిల్లలకు తాతయ్యను. మీ పెద్దమ్మకు 'ఏవండీ'ని. ఎవరు ఏ పేరుతో పిలిచినా లేచి వచ్చేది నేనొక్కణ్ణే. అలియాస్ అంటే అంతే." ఒక బాక్సు, ఒక పాస్‌వర్డ్, నాలుగు పేర్లు. సొంత పేరు కాక సేల్స్, పర్చేజ్, ఎంక్వైరీ అనే మూడు పేర్లూ మా వాడి బాక్సులోకే వస్తాయి. అకౌంట్స్ అన్నది ఆ అమ్మాయి బాక్సులోకి. డబ్బు కూడా అదనంగా అక్కర్లేదు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక మనిషికి 30 దాకా అలియాస్‌లు ఇస్తారు, మైక్రోసాఫ్ట్ 365లో 400 దాకా. పద్నాలుగు మంది ఉన్న షెడ్డుకు 400 పేర్లు ఏం చేసుకుంటామో గానీ, ఉన్నాయి. కొత్తగా పెట్టిన పేరు పనిచేయడానికి ఒక్కోసారి ఒక రోజు పట్టవచ్చు. మా వాడు పది నిమిషాలకే రాలేదని గోల పెట్టాడు.

ఏ పేర్లు పెట్టాలన్నది పెద్ద విద్యేమీ కాదు. 1997లోనే దీనికి ఒక పద్ధతి రాసిపెట్టారు. వ్యాపారానికి ఇన్ఫో, సేల్స్, సపోర్ట్; ఎవరైనా మన పేరుతో చెత్త మెయిళ్ళు పంపుతుంటే ఫిర్యాదు చేయడానికి అబ్యూజ్; మెయిల్ సర్వరు బాగోగులకు పోస్ట్‌మాస్టర్. అవునండీ, పోస్ట్‌మాస్టరే! తపాలా శాఖను కంప్యూటర్ల వాళ్ళు పూర్తిగా మర్చిపోలేదని తెలిసి, ఆ పూట నేను ఇంకో కాఫీ తాగాను.

పేరు ఒకటి, మనుషులు నలుగురైతే దాన్ని గ్రూపు అడ్రసు అంటారు. ఇక్కడ ఒక చిక్కుంది. ఇంట్లో తలుపు కొట్టిన చప్పుడైతే "ఎవరో వచ్చారు, చూడండర్రా" అంటే ఎవరూ లేవరు. పక్కవాడు లేస్తాడులే అని అందరూ కూర్చుంటారు. క్వాలిటీ అనే అడ్రసును సూపర్‌వైజరుకూ, ఇన్‌స్పెక్షన్ అబ్బాయికీ, మా వాడికీ కలిపి పెట్టాం. ఒక కంపెనీ నుంచి షాఫ్టు కొలత తేడా వచ్చిందని మెయిలొస్తే ముగ్గురూ చదివారు, ముగ్గురూ మూడు రోజులు ఊరుకున్నారు. ఆ తర్వాత గోడ మీద చార్టు కట్టాం. గ్రూపుకు వచ్చింది ఎవరైనా చూడవచ్చు, జవాబు మాత్రం సూపర్‌వైజరుదే. ఆయన లేనిరోజున ఎవరిదో కూడా అందులోనే ఉంది. ఏ సాఫ్ట్‌వేరూ ఈ పని చేసిపెట్టదు.

ఇంకో మెలిక జవాబు దగ్గర వస్తుంది. సేల్స్‌కు వచ్చిన మెయిలుకు మా వాడు జవాబిస్తే అది వాడి సొంత పేరుతో పోయేది. అవతలి పర్చేజ్ ఆఫీసరు ఆ పేరునే దాచుకునేవాడు. మళ్ళీ మొదటికొచ్చింది కథ! సెట్టింగ్స్‌లో 'సెండ్ మెయిల్ యాజ్' అని ఒకటుంటుంది. ఏ పేరుకు వచ్చిందో ఆ పేరుతోనే జవాబు పోయేలా అక్కడ చెప్పాలి. చాలామంది అలియాస్ పెట్టి ఇది మర్చిపోతారు. సగం పని చేసి ఫలితం రాలేదంటారు.

ఇక రూల్స్. ఇదే నా అసలు వృత్తి, ఇక్కడ కాస్త ఆగుతాను. వచ్చిన మెయిలు ఎవరి నుంచి, ఏ పేరుకు, సబ్జెక్టులో ఏముంది అని చూసి, ఇటు పడేయి, అటు పంపు అని చెప్పడమే రూలు. ఫిల్టర్ అని కూడా అంటారు. మా వాడు ఉత్సాహంగా మొదటి రూలు తనే రాశాడు. సబ్జెక్టులో 'పీ ఓ' అన్న రెండు అక్షరాలుంటే అది పర్చేజ్ ఆర్డరు కాబట్టి షాపులో సూపర్‌వైజరుకు పంపు, నా ఇన్‌బాక్సులోంచి తీసేయి అని. ఆ మెయిల్ ప్రోగ్రాము మాటను మాటగా చూడదు, అక్షరాల గుంపుగా చూస్తుంది. ఇంగ్లీషులో రిపోర్ట్ అన్న మాటలో పీ ఓ ఉంది. సపోర్ట్‌లో ఉంది, ట్రాన్స్‌పోర్ట్‌లో ఉంది, పాలసీలో ఉంది. బ్యాంకు ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలూ, లారీ ఆఫీసు రిపోర్టులూ అన్నీ నూనె చేతుల సూపర్‌వైజరు ఫోనులోకి. పాపం ఆయన వారం రోజులు ఓపిక పట్టి, "సార్, నన్ను మేనేజర్ చేశారా ఏంటి?" అని అడిగాడు.

సార్టింగ్‌లో మేం కవరు లోపలి ఉత్తరం చదవం, పైనున్న అడ్రసు చూస్తాం. రూలు కూడా అలాగే రాయాలి. సబ్జెక్టులో మాటలు వెతకడం కంటే, ఏ పేరుకు వచ్చిందన్నది చూడటం గట్టి పద్ధతి. ఆర్డర్స్ అని ఒక అలియాస్ పెట్టి, "కొనుగోలు ఆర్డర్లు ఇక్కడికి పంపండి" అని కస్టమర్లకు చెప్పి, "ఆర్డర్స్‌కు వచ్చినవన్నీ సూపర్‌వైజరుకు కూడా ఒక కాపీ" అని రాశాం. ఆ 'కూడా' అన్న మాట ముఖ్యం. ముందుకు పంపినా అసలు ప్రతి మన బాక్సులో ఉండాలి. ఫార్వర్డ్ చేసి ఇక్కడ చెరిపేయి అనే వీలు కూడా ఉంటుంది. దాని జోలికి పోవద్దు. అటు చేరకపోతే ఇటూ ఉండదు. మేం రిజిస్టర్డ్ కవరు చేతులు మారినప్పుడల్లా సంతకం తీసుకునేది ఎందుకనుకున్నారు?

రూల్స్‌కు వరుస కూడా ఉంటుంది. పైది ముందు, కిందిది తర్వాత. పై రూలులో "ఇక ఆపు" అని ఉంటే కింది రూలు దాకా మెయిలు పోదు. ఇద్దరు ఒకేసారి సెలవు మీద పోతూ, నా మెయిళ్ళు నీకు, నీ మెయిళ్ళు నాకు అని ఫార్వర్డ్ పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. మా మేనల్లుడూ భార్యా పెళ్ళికి వెళ్తూ సరిగ్గా అదే పెట్టారు. మెయిలు వెళ్ళిన ప్రతి మజిలీలోనూ సర్వరు దాని మీద ఒక ముద్ర వేస్తుంది, మా తేదీ ముద్రలాగా. ముద్రలు మరీ ఎక్కువైతే ఇది గుండ్రంగా తిరుగుతోందని పసిగట్టి వెనక్కి కొట్టేస్తుంది. కాబట్టి లోకం మునిగిపోదు. కస్టమరుకు మాత్రం "మీ మెయిలు చేరలేదు" అని పోతుంది. పెళ్ళి భోజనం బాగుందట గానీ ఒక ఎంక్వైరీ పోయింది.

కంపెనీకి వచ్చిన మెయిలును బయటి జీమెయిలుకు ఫార్వర్డ్ చేయడం గురించి ఒక మాట. చాలామంది చేసేది ఇదే, మా వాడూ చేశాడు, కొన్ని చేరేవి, కొన్ని స్పామ్‌లో పడేవి, కొన్ని మాయమయ్యేవి. కారణం ఇదీ. ఈ మధ్య చాలా డొమైన్లు, "నా పేరుతో మెయిలు పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది" అని ఒక జాబితా బయట పెడుతున్నాయి. ఎస్‌పీఎఫ్ అంటారు. ముంబయి కస్టమరు మనకు మెయిలు పంపాడు. మన సర్వరు దాన్ని జీమెయిలుకు తోసింది. జీమెయిలు గుమ్మం దగ్గర కాపలావాడు చూశాడు: పేరేమో ముంబయి వాళ్ళది, తెచ్చిన బండేమో బాలానగర్ వాళ్ళది, జాబితాలో లేదు. అనుమానిస్తాడు, అనుమానించాలి కూడా. దీనికి విరుగుడుగా డీకిమ్ అని ఇంకో ఏర్పాటు ఉంది. కవరు మీద లక్క ముద్ర లాంటిది. ఏ బండిలో వచ్చినా ముద్ర చెదరకపోతే నమ్ముతారు. అయితే దారిలో ఎవరైనా "ఇది బయటి మెయిలు, జాగ్రత్త" అని ఒక ముక్క అతికిస్తే లక్క పగిలినట్టే. రెండూ చెడితే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. పైగా మనకొచ్చిన చెత్తను కూడా మనమే అటు తోస్తుంటే, చెత్త పంపేవాడిగా పేరు పడేది మన డొమైనుకే. అందుకని ఇంట్లో పంపకం ఇంట్లోనే, అలియాస్‌తోనో గ్రూపుతోనో ముగించుకోవడం మేలు. బయటికి ఫార్వర్డ్ తప్పనిసరైతేనే.

ఇంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. పాస్‌వర్డ్ కొట్టేసిన దొంగ మీ బాక్సులోకి వచ్చి ఏం చేస్తాడు? మెయిళ్ళు చెరపడు, గొడవ చేయడు. చప్పుడు లేకుండా ఒక రూలు పెట్టి పోతాడు. ఇన్వాయిస్, పేమెంట్, బ్యాంక్ అన్న మాటలున్న మెయిలు వస్తే నాకో కాపీ పంపు, ఇక్కడ మాత్రం ఎవరూ చూడని మూలలో పడేయి అని. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2020 నవంబరులో కంపెనీలను ఇదే విషయమై హెచ్చరించింది. వాడు నెలల తరబడి చదువుతూ కూర్చుంటాడు. మీరు ఎవరికి ఎంత ఇవ్వాలో, బిల్లు ఎప్పుడు వస్తుందో, మీరు "డియర్ సార్" అంటారో "నమస్తే జీ" అంటారో వాడికి కంఠోపాఠం. బిల్లు వచ్చిన రోజున సరిగ్గా అదే ధోరణిలో, "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ ఖాతాలో వేయండి" అని మెయిలు వస్తుంది. వేస్తారు. డబ్బు పోతుంది.

చాలామందికి తెలియని సంగతి, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ రూలు పోదు. తాళం మార్చాం సరే, గోడకున్న కన్నం అలాగే ఉంది. సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ అనే పేజీలు తెరిచి, మనం పెట్టనిది ఏదైనా ఉందా అని చూసుకోవాలి. మా వాడి దగ్గర నేను ప్రతి నెలా ఒకటో తారీఖున కూర్చుని చదువుతాను. జీతాల రోజు కాబట్టి గుర్తుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు బయటికి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ కావడాన్ని ముందే మూసేసి ఉంచుతారు, కావాలంటే మనం తెరుచుకోవాలి. జీమెయిలు ఫార్వర్డ్ పెట్టేటప్పుడు అవతలి అడ్రసుకు ఒక కోడు పంపి ఒప్పుకున్నాకే మొదలుపెడుతుంది. అవతలివాడు దొంగే అయితే ఆ కోడు వాడి చేతికే పోతుందనుకోండి. ఖాతా మారిందని మెయిలొస్తే, మెయిల్లో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మా వాడు ఒక కష్టం నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు ఐడీ దగ్గర ఆడిటర్ గారి గుమాస్తా తన మెయిలే వేశాడు. అప్పటికి అది సౌకర్యమే. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిలుకు నోటీసు పంపితే అది మీకు అందజేసినట్టే లెక్క. మీరు చూశారా లేదా అన్నది వేరే సంగతి. 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్ కూడా దాదాపు అదే దారి. ఫలానా చోటికి పంపమని మీరే చెప్పి ఉంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, ఆ కంప్యూటర్లోకి చేరిన క్షణమే మీకు ముట్టినట్టు. మా రోజుల్లో రిజిస్టర్డ్ పోస్టు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద సంతకం పడితే ఎంతో, ఇదీ అంతే. అందుకే జీఎస్టీ అని ఒక అడ్రసు పెట్టి, అది అమ్మాయికీ, మా వాడికీ, ఆడిటర్ గారి ఆఫీసుకూ కాపీ పోయేలా చేసి, పోర్టల్లో మార్పించాం. ఆడిటర్ రేపు మారినా కాపీ పోయే చోటు మారుతుందంతే. ప్రభుత్వం దగ్గరున్న అడ్రసు మారదు.

ఒక్క చోట మాత్రం కంపెనీ డొమైను అడ్రసు ఇవ్వకూడదు, అది ఆ డొమైన్ కొన్న చోటే. ఏటా అద్దె కట్టకపోతే డొమైన్ ఆగిపోతుంది. గడువు ముగిసింది, కట్టండి అనే మెయిలు ఆగిపోయిన ఆ అడ్రసుకే వస్తే ఎవరు చదువుతారు? తాళం చెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టుంటుంది. అక్కడ మా వాడి సొంత జీమెయిలు ఇచ్చాం, నా నంబరు కూడా.

కొత్త కార్డులు వచ్చాయి. సేల్స్ ఎట్ అని మొదలవుతుంది, మనిషి పేరు పైన విడిగా ఉంది. పాత కస్టమర్లందరికీ చెప్పాం, బిల్లు అడుగునా, గేటు బోర్డు మీదా మార్చాం. పుణెలో అబ్బాయికి ఫోన్ చేసి, "బాబూ, కొంచెం సాయం చెయ్యి" అంటే, "అయ్యో తాతగారూ, ముందే చెప్పొచ్చు కదా" అని, మా కస్టమర్ల పేర్లతో ఒక ఫిల్టరు పెట్టి ఇటు ఫార్వర్డ్ చేశాడు. ఫార్వర్డ్ అప్పటినుంచి వచ్చే కొత్తవాటికే పనిచేస్తుంది, ఎనిమిది నెలల పాతవి దానంతట రావు. వాటిని ఒక ఆదివారం కూర్చుని ఒక్కొక్కటిగా చేత్తో పంపాడు. నలభై మూడు. అందులో పదకొండు మంది ఇంకా బేరానికి దొరికారు.

ఫిల్టరుకు తెలియని కొత్త పేరుతో ఎవరైనా పాత కార్డు చూసి రాస్తే అది ఇప్పటికీ పుణెకే పోతుంది. మొన్న మంగళవారం ఒకటి వచ్చింది, నాచారం నుంచి, రెండు వందల బుష్‌లు కావాలని. పైన ఆ అబ్బాయి రెండు మాటలు టైపు చేశాడు: "అన్నా, నీదే."